ఎన్నికల అనర్హత: కోలారు–చిక్కబళ్ళాపురం సీమ అనుభవం

ఓటర్లు మెచ్చినా, పార్టీ టికెట్టు ఇచ్చినా, చట్టం ఒప్పుకోని మనిషి ప్రజాప్రతినిధి కాలేడు. అలా ఒప్పుకోకపోవడానికి చట్టంలో రాసి ఉన్న కారణాలనే అనర్హతలు అంటారు. పార్లమెంటు సభ్యులకు సంబంధించినవి రాజ్యాంగం 102వ అధికరణలో, శాసనసభ్యులకు సంబంధించినవి 191వ అధికరణలో ఉన్నాయి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం వాటిని విస్తరించింది. పార్టీ ఫిరాయింపుల కోసం 1985లో పదో షెడ్యూలు చేరింది. పంచాయతీలకూ మునిసిపాలిటీలకూ రాష్ట్రాల చట్టాలు వేరే ఉన్నాయి. ఈ చట్టాల్లో లేని కారణం చూపి ఒకరిని పోటీ నుంచి తప్పించే అధికారం ఏ అధికారికీ లేదు.

ఈ చట్టాలు నేల మీద ఎలా పనిచేస్తాయో మురుగమల్ల చుట్టుపక్కల చూడవచ్చు. ఆ ఊరు కర్ణాటకలో చిక్కబళ్ళాపురం జిల్లా చింతామణి తాలూకాలో ఉంది. 2007లో కోలారు జిల్లాను విడదీసి చిక్కబళ్ళాపురం జిల్లాను చేశారు గానీ, లోక్‌సభ లెక్కలో చింతామణి ఇప్పటికీ కోలారు స్థానంలోనే ఉంది. పక్కనున్న బాగేపల్లి మాత్రం చిక్కబళ్ళాపురం స్థానం కిందికి వస్తుంది. తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఈ రెండు లోక్‌సభ స్థానాల పరిధిలోనే అనర్హత చట్టానికి గట్టి పరీక్షలు జరిగాయి. ముళబాగిలు కుల ధ్రువపత్రం కేసు, కోలారు సభలో చేసిన ప్రసంగంపై పడిన శిక్ష, చిక్కబళ్ళాపురం ఎమ్మెల్యే మీద పడిన ఫిరాయింపు వేటు ఇక్కడివే. వాటిని వరసగా చదివితే ఒక సంగతి బయటపడుతుంది. అనర్హత ఏమిటన్నది చట్టం చాలావరకు స్పష్టంగానే చెప్పింది. చిక్కంతా దాన్ని ఎవరు తేల్చాలి, ఎప్పటిలోగా తేల్చాలి అన్న దగ్గర వస్తోంది.

అర్హత వేరు, అనర్హత వేరు

ఈ రెండు మాటలనూ పత్రికల్లో ఒకే అర్థంలో వాడేస్తుంటారు. అర్హత అంటే అభ్యర్థికి ఉండవలసినది. అనర్హత అంటే ఉండకూడనిది. శాసనసభకు 25 ఏళ్లు, శాసనమండలికి 30 ఏళ్లు, పంచాయతీకి 21 ఏళ్లు నిండి ఉండాలన్నది అర్హత. శాసనసభకు పోటీ చేసే వ్యక్తి ఆ రాష్ట్రంలోని ఏదో ఒక నియోజకవర్గంలో ఓటరై ఉండాలి. లోక్‌సభకైతే దేశంలో ఎక్కడ ఓటున్నా చాలు. ఈ తేడా సరిహద్దు ఊళ్లవాళ్లకు బాగా తగులుతుంది. బాగేపల్లిలో ఓటున్న మనిషి హిందూపురం లోక్‌సభ స్థానానికి నిలబడవచ్చు, హిందూపురం శాసనసభ స్థానానికి మాత్రం నిలబడలేడు. పొలం ఇటూ చుట్టరికం అటూ ఉన్నంత మాత్రాన చట్టానికి పట్టదు, ఓటు ఎక్కడుందన్నదే చూస్తుంది.

రిజర్వు స్థానాల్లోనూ ఇలాంటి గీత ఉంది. షెడ్యూల్డు కులాలకు కేటాయించిన లోక్‌సభ స్థానంలో ఏ రాష్ట్రపు షెడ్యూల్డు కులం వాళ్లయినా పోటీ చేయవచ్చు. శాసనసభలోని రిజర్వు స్థానానికి మాత్రం ఆ రాష్ట్రపు జాబితాలో ఉన్న కులానికే అవకాశం. కోలారు లోక్‌సభ స్థానమూ, దాని కింద ఉన్న ముళబాగిలు, బంగారుపేట, కోలారు గోల్డ్ ఫీల్డ్స్ శాసనసభ స్థానాలూ షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయినవే.

ఇక అసలు అనర్హతల్లో కొన్ని చిన్నవి. లాభదాయక పదవిలో ఉండటం, సమర్థ న్యాయస్థానం మతిస్థిమితం లేదని ప్రకటించడం, దివాలా నుంచి విడుదల కాకపోవడం, భారత పౌరసత్వం లేకపోవడం రాజ్యాంగంలోనే ఉన్నాయి. ఎన్నికల ఖర్చు లెక్కలు సరైన కారణం లేకుండా సమయానికి చూపకపోతే ఎన్నికల సంఘం మూడేళ్లు అనర్హుడిగా ప్రకటించగలదు. అవినీతికో రాజ్యం పట్ల ద్రోహానికో ఉద్యోగం పోగొట్టుకున్న ప్రభుత్వోద్యోగికి అయిదేళ్లు. సొంత వ్యాపారంగా ప్రభుత్వంతో నడుస్తున్న కాంట్రాక్టు ఉన్నవాళ్లకు ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 9ఏ అడ్డు. కాంట్రాక్టర్లు రాజకీయాల్లోకి రావడం మామూలైపోయిన ప్రాంతంలో ఈ చివరిది తెలిసి ఉండటం మంచిది. తన వంతు పని అంతా పూర్తిచేసి బిల్లు మాత్రమే రావలసి ఉంటే ఆ కాంట్రాక్టు ముగిసినట్టే లెక్క అని చట్టమే వివరణ ఇచ్చింది.

ముళబాగిలు కేసు

2013 శాసనసభ ఎన్నికల్లో ముళబాగిలు రిజర్వు స్థానం నుంచి కొత్తూరు జి. మంజునాథ్ స్వతంత్ర అభ్యర్థిగా గెలిచారు. తాను బుడగ జంగం కులస్థుడినని ధ్రువపత్రం చూపారు. ఓడిపోయిన జనతాదళ్ (ఎస్) అభ్యర్థి ఆ పత్రం చెల్లదంటూ హైకోర్టులో ఎన్నికల పిటిషను వేశారు. మంజునాథ్‌ది బుడగ జంగం కాదని, షెడ్యూల్డు కులాల్లో లేని బైరాగి కులమని తేల్చి, 2018 ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ ఎన్నికను రద్దు చేసింది. అప్పటికి తర్వాతి ఎన్నికలు ముంగిట్లోకి వచ్చేశాయి. అదే ఎన్నికల్లో ముళబాగిలుకు కాంగ్రెస్ తరఫున ఆయన వేసిన నామినేషను కూడా తిరస్కరణకు గురైంది. అభ్యర్థి లేకుండా మిగిలిన కాంగ్రెస్, స్వతంత్రుడిగా నిలబడిన హెచ్. నాగేశ్‌కు మద్దతిచ్చింది. ఆయనే గెలిచారు.

ఎన్నికల పిటిషనును ఫలితం వచ్చిన 45 రోజుల్లో హైకోర్టులో వేయాలి. ఆరు నెలల్లో విచారణ ముగించే ప్రయత్నం జరగాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 86వ సెక్షన్ చెబుతుంది. ముళబాగిలులో అది అయిదేళ్లకు దగ్గరపడింది. తీర్పు వచ్చేసరికి శాసనసభ గడువు కొద్ది వారాలే మిగిలింది. న్యాయస్థానం చెప్పినట్టు ఆ స్థానం షెడ్యూల్డు కులాలకే చెందవలసినదైతే, ఒక పూర్తి పదవీకాలం ఆ కులాలకు దక్కకుండా పోయిందన్నమాట. పిటిషను వేసిన అభ్యర్థి ఒక్కడికి జరిగిన నష్టంగా దీన్ని చూడటం పొరపాటు. రిజర్వేషను వ్యక్తికి ఇచ్చిన వరం కాదు, తరతరాలుగా చట్టసభ గడప తొక్కనివ్వని జనానికి ఇచ్చిన మాట. ఆ మాట తప్పిందా లేదా అని తేల్చడానికి అయిదేళ్లు పట్టడం ఈ వ్యాసంలోని ఉదాహరణలన్నిటిలో ఎక్కువ బాధపెట్టేది.

బుడగ జంగాల సంగతి ఇంకొంచెం చెప్పుకోవాలి. వీళ్లు తెలుగు నేలంతా తిరిగి బుర్రకథలు చెప్పి బతికిన సంచార కులం. కర్ణాటక జాబితాలో వీళ్లు షెడ్యూల్డు కులం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి సవరణ చట్టం ఆ గుర్తింపును తెలంగాణ జిల్లాలకు పరిమితం చేసింది. దాంతో సరిహద్దుకు ఇటు రిజర్వు స్థానంలో పోటీ చేయగల బుడగ జంగం, అటు చిత్తూరులోనో అనంతపురంలోనో ఉన్న చుట్టాలకు ఆ అవకాశం లేకపోవడం చూస్తాడు. నిజమైన బుడగ జంగాలు ఆ గుర్తింపు కోసం ఏళ్ల తరబడి అడుగుతుండగా, ఆ కులం పేరు మీద ఒక స్థానం వివాదంలో పడటం కథలోని మరో పార్శ్వం.

కులం విషయంలో వచ్చిన తీర్పు మనిషిని రిజర్వు స్థానానికి మాత్రమే దూరం చేస్తుంది. 2023లో మంజునాథ్ జనరల్ స్థానమైన కోలారు నుంచి కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబడి గెలిచారు. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. రిజర్వు స్థానానికి అర్హత లేకపోవడం, ఎన్నికలకే అనర్హుడు కావడం ఒకటి కావని చూపడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

నామినేషను బల్ల దగ్గర

ముళబాగిలు లాంటి కేసులు తేలడంలో ఆలస్యం ఎందుకు జరుగుతుందన్నది అర్థం కావాలంటే పరిశీలన రోజు సంగతి తెలియాలి. నామినేషన్ల పరిశీలనలో రిటర్నింగ్ అధికారి చేసేది క్లుప్త విచారణ. స్పెల్లింగు తప్పు వంటి లోపాలకు నామినేషను తోసిపుచ్చకూడదు, తోసిపుచ్చితే కారణం రాసి ఇవ్వాలి. ఎదుట ఉన్న ధ్రువపత్రం పైకి సక్రమంగా కనబడితే దాని వెనకున్న వంశవృక్షాన్ని ఆ బల్ల దగ్గర తవ్వడం సాధ్యం కాదు. అధికారి నిర్ణయం తప్పనిపించినా ఎన్నిక ముగిసేదాకా కోర్టుకు పోవడానికి లేదు. మద్రాసు రాష్ట్రంలోని నామక్కల్ రిటర్నింగ్ అధికారిపై పొన్నుస్వామి వేసిన కేసులో సుప్రీంకోర్టు 1952లోనే ఈ సంగతి ఖాయం చేసింది. ఎన్నికలు మధ్యలో ఆగకూడదన్న ఉద్దేశం మంచిదే. దానికి మూల్యం మాత్రం తర్వాతి ఏళ్లలో చెల్లించాల్సి వస్తోంది.

తెలంగాణలో ఇదే కథ ఇంకా పెద్దది. వేములవాడ ఎమ్మెల్యే చెన్నమనేని రమేశ్ పౌరసత్వంపై వివాదం 2009 ఎన్నికతో మొదలైంది. కేంద్ర హోంశాఖ ఆయన భారత పౌరసత్వాన్ని 2017లో రద్దు చేసింది, కోర్టు వ్యవహారాల తర్వాత 2019లో మళ్లీ రద్దు చేసింది. ఆయన జర్మనీ పౌరుడేనని తెలంగాణ హైకోర్టు 2024 డిసెంబరు 9న తేల్చి, 30 లక్షల రూపాయలు చెల్లించమంది. ఈలోగా ఆయన ఆ స్థానం నుంచి నాలుగుసార్లు గెలిచి, పదవీకాలాలన్నీ ముగించుకున్నారు. కొత్తగూడెంలో 2018లో గెలిచిన వనమా వెంకటేశ్వరరావు అఫిడవిట్‌లో ఆస్తుల వివరాలు దాచారన్న కారణంతో హైకోర్టు 2023 జులైలో ఆ ఎన్నికను కొట్టివేసింది. సుప్రీంకోర్టు ఆగస్టులో ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. అప్పటికే అసెంబ్లీ ఆఖరి నెలల్లో ఉంది.

శిక్ష పడినప్పుడు

ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షన్ నేరాలను మూడు తరగతులు చేసింది. మొదటి తరగతిలో వర్గాల మధ్య వైషమ్యాలు రెచ్చగొట్టడం, ఎన్నికల్లో లంచం, అత్యాచారం, భార్యను హింసించడం, అంటరానితనం పాటించడం, అవినీతి నిరోధక చట్టం కింది నేరాలు వంటివి ఉన్నాయి. వీటిలో జైలు లేకుండా జరిమానా మాత్రమే పడినా ఆరేళ్లు అనర్హత. అంటరానితనం కేసులో చిన్న జరిమానా కట్టి బయటపడ్డానని అనుకునే ఊరి పెద్ద తెలుసుకోవలసిన సంగతి ఇది. రెండో తరగతిలో ఆహార కల్తీ, సరుకుల అక్రమ నిల్వ, వరకట్న నిషేధ చట్టం కింది నేరాలు. వీటికి కనీసం ఆరు నెలల జైలు పడాలి. మిగతా ఏ నేరమైనా రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడితే, శిక్ష రోజు నుంచి విడుదల తర్వాత ఆరేళ్ల దాకా పోటీకి దారి మూసుకుంటుంది.

పదవిలో ఉన్నవాళ్లకు ఒకప్పుడు మూడు నెలల గడువుండేది. ఆ లోగా అప్పీలు వేస్తే అది తేలేదాకా పదవి నిలిచేది. లిల్లీ థామస్ కేసులో 2013 జులై 10న సుప్రీంకోర్టు ఆ వెసులుబాటును కొట్టివేసింది. పోటీ చేసేవాడికి ఒక న్యాయం, గెలిచినవాడికి ఒక న్యాయం ఉండకూడదని కోర్టు భావన. ఆ తీర్పు బరువు పక్కనున్న తమిళనాడుకు బెంగళూరు నుంచే తెలిసొచ్చింది. 2014 సెప్టెంబరు 27న బెంగళూరు ప్రత్యేక న్యాయస్థానం ఆదాయానికి మించిన ఆస్తుల కేసులో జయలలితకు శిక్ష వేయగానే ఆమె ముఖ్యమంత్రి పదవీ, శాసనసభ్యత్వమూ పోయాయి. 2015 మే 11న కర్ణాటక హైకోర్టు నిర్దోషిగా వదిలేశాక మళ్లీ వచ్చారు.

చింతామణి ఓటర్లకు మరింత దగ్గరిది రాహుల్ గాంధీ కేసు. 2019 ఏప్రిల్ 13న కోలారు ఎన్నికల సభలో ఆయన మాట్లాడిన మాటలపై సూరత్ కోర్టులో పరువునష్టం కేసు పడింది. 2023 మార్చి 23న ఆ కోర్టు రెండేళ్ల జైలు వేసింది, మర్నాడే లోక్‌సభ సభ్యత్వం పోయింది. పరువునష్టానికి చట్టం అనుమతించే గరిష్ఠ శిక్ష సరిగ్గా రెండేళ్లే. ఒక్క రోజు తక్కువ వేసినా అనర్హత వచ్చేది కాదని గుర్తుచేసి, గరిష్ఠ శిక్ష ఎందుకో కింది కోర్టు చెప్పలేదంటూ సుప్రీంకోర్టు ఆగస్టు 4న ఆ దోష నిర్ధారణపై స్టే ఇచ్చింది. మూడు రోజులకు సభ్యత్వం తిరిగొచ్చింది. గంగావతి ఎమ్మెల్యే గాలి జనార్దన్‌రెడ్డికి 2025లో ఇదే వరస ఎదురైంది. ఓబుళాపురం గనుల కేసులో మే 6న హైదరాబాదు సీబీఐ కోర్టు ఏడేళ్ల శిక్ష వేయగానే సీటు పోయింది, జూన్‌లో తెలంగాణ హైకోర్టు స్టేతో తిరిగొచ్చింది.

కేసు నమోదైనంత మాత్రాన, అభియోగాలు మోపినంత మాత్రాన అనర్హత రాదు. అలా రావాలని కోరిన పిటిషనుపై 2018 సెప్టెంబరు 25న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఆ గీత గీయవలసింది పార్లమెంటేనని చెప్పింది. ప్రత్యర్థి మీద కేసు పెట్టించడం ఎంత తేలికో మన పల్లెల్లో అందరికీ తెలుసు. అందుకే ఆ జాగ్రత్త సబబుగానే తోస్తుంది.

ఎన్నికల్లో అవినీతి మార్గాలు తొక్కారని తేలితే రాష్ట్రపతి, ఎన్నికల సంఘం అభిప్రాయం తీసుకుని, ఆరేళ్లకు మించకుండా అనర్హత విధించవచ్చు. తెలుగు రాజకీయాల్లో దీనికి పెద్ద ఉదాహరణ మర్రి చెన్నారెడ్డి. 1967లో తాండూరు నుంచి గెలిచిన ఆయన ఎన్నికను వందేమాతరం రామచంద్రరావు పిటిషనుపై 1968లో హైకోర్టు రద్దు చేసింది. కేంద్రమంత్రి పదవి వదులుకోవాల్సి వచ్చింది, ఆరేళ్లు పోటీకి దూరమయ్యారు. ఆ ఏళ్లలోనే తెలంగాణ ప్రజా సమితికి నాయకుడై, తాను నిలబడలేని 1971 ఎన్నికల్లో తెలంగాణలోని 14 లోక్‌సభ స్థానాల్లో 10 గెలిపించారు. 1978లో ముఖ్యమంత్రి అయ్యారు. అనర్హత బ్యాలెట్ మీద పేరును ఆపగలదు, జనంలో పలుకుబడిని ఆపలేదు.

పార్టీ మారితే

ఫిరాయింపు వేటు వేసేది కోర్టు కాదు, స్పీకరు. స్పీకరు పాలకపక్షం మనిషే కావడం ఈ ఏర్పాటులోని మూల లోపం. 2010 అక్టోబరులో యడియూరప్ప ప్రభుత్వం మీద తిరగబడ్డ 11 మంది బీజేపీ ఎమ్మెల్యేలనూ అయిదుగురు స్వతంత్రులనూ స్పీకరు కె.జి. బోపయ్య విశ్వాస పరీక్షకు ముందు హడావుడిగా అనర్హులను చేశారు. ఆ అయిదుగురిలో తెలుగు మాట్లాడే పావగడ నుంచి గెలిచిన వెంకటరమణప్ప ఒకరు. సహజ న్యాయ సూత్రాలు పాటించలేదంటూ 2011 మే 13న సుప్రీంకోర్టు ఆ వేటును ఎత్తేసింది.

2019లో కథ తిరగబడింది. కాంగ్రెస్–జనతాదళ్ (ఎస్) కూటమి నుంచి, చాలామంది రాజీనామాలు చేసి, బయటికొచ్చిన 17 మందిలో స్పీకరు కె.ఆర్. రమేశ్ కుమార్ జులై 25న ముగ్గురిని, 28న 14 మందిని అనర్హులను చేశారు. ఆ స్పీకరు అప్పట్లో చింతామణి పక్కనున్న శ్రీనివాసపురం ఎమ్మెల్యే. వేటు పడ్డవాళ్లలో చిక్కబళ్ళాపురం ఎమ్మెల్యే డాక్టర్ కె. సుధాకర్ ఉన్నారు. ఆ అసెంబ్లీ గడువు ముగిసేదాకా, అంటే 2023 దాకా, వాళ్లు పోటీకే దూరమని కూడా ఆదేశంలో ఉంది. జస్టిస్ ఎన్.వి. రమణ నాయకత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం నవంబరు 13న తీర్పిచ్చింది. రాజీనామా ఇచ్చినంత మాత్రాన ఫిరాయింపు పాపం కడుక్కుపోదని అనర్హతను నిలబెట్టింది. ఎంతకాలం అన్నది నిర్ణయించే అధికారం మాత్రం స్పీకరుకు లేదంది.

డిసెంబరు 5న ఉప ఎన్నికలు జరిగాయి. 15 స్థానాల్లో 12 బీజేపీ గెలిచింది, సుధాకర్ చిక్కబళ్ళాపురం నుంచి కొత్త పార్టీ గుర్తు మీద గెలిచారు. 2020 ఫిబ్రవరిలో మంత్రి అయ్యారు. ఫిరాయించి అనర్హుడైన సభ్యుడు మళ్లీ గెలిచేదాకా మంత్రి కాకూడదన్నది 2003 నాటి రాజ్యాంగ సవరణ. గెలిచాక అడ్డేమీ లేదు. వేటు పడిన రోజుకూ మంత్రిగా ప్రమాణం చేసిన రోజుకూ మధ్య ఏడు నెలలు కూడా లేవు. 2023లో అదే స్థానంలో ఓటర్లు ఆయన్ను ఓడించారు, 2024లో లోక్‌సభకు గెలిపించారు. కోర్టు తీర్పు చట్టప్రకారం సరైనదే. అయినా ఫిరాయింపును ఆపాలన్న 1985 నాటి సంకల్పానికి ఇందులో మిగిలిందెంతో పాఠకులు తూచుకోవచ్చు.

తొందరపాటు ఒక జబ్బయితే, నాన్చడం ఇంకొకటి. తెలంగాణలో భారత రాష్ట్ర సమితి నుంచి కాంగ్రెస్ వైపు వెళ్లారన్న పదిమంది ఎమ్మెల్యేలపై ఫిర్యాదులు నెలల తరబడి కదలకపోతే, మూడు నెలల్లో తేల్చమని సుప్రీంకోర్టు 2025 జులై 31న స్పీకరును ఆదేశించాల్సి వచ్చింది.

పంచాయతీలో

ఊరి స్థాయికి వచ్చేసరికి నియమాలు రాష్ట్రానికొక తీరు. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టంలో నోటీసు అందాక కూడా పంచాయతీ బకాయి కట్టనివాళ్లు అనర్హులు. ఎక్కువ మందిని తాకింది మాత్రం 1994 చట్టంలోని ఇద్దరు పిల్లల నియమం. 1995 తర్వాత మూడో బిడ్డ పుడితే వార్డు సభ్యత్వానికి కూడా నిలబడటానికి లేకపోయింది. హర్యానాలోని ఇలాంటి నియమాన్ని 2003లో సుప్రీంకోర్టు సమర్థించింది. కర్ణాటకలో గ్రామ పంచాయతీలకు ఈ నియమం లేదు. అంటే ముగ్గురు పిల్లలున్న తల్లి బాగేపల్లి తాలూకాలో సభ్యురాలు కాగలిగేది, కొడికొండ చెక్‌పోస్టు దాటితే కాలేకపోయేది. ఎంతమంది పిల్లలను కనాలన్నది చాలా ఇళ్లలో ఆడవాళ్ల చేతిలో ఉండదు, దాని వల్ల వచ్చే అనర్హతను మాత్రం వాళ్లు మోశారు. జననాలు తగ్గిపోతున్నాయన్న ఆందోళనతో ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఆ నియమాన్ని తీసేసింది.

కర్ణాటకలో గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు కాబట్టి అక్కడ ఫిరాయింపు ప్రశ్నే రాదు. తాలూకా, జిల్లా పంచాయతీలకూ మునిసిపాలిటీలకూ 1987లోనే రాష్ట్రం ప్రత్యేకంగా ఫిరాయింపుల నిషేధ చట్టం చేసింది. మురుగమల్ల గ్రామ పంచాయతీ సభ్యుడు ఎవరి పక్షాన చేరినా ఆ కారణంగా పదవి పోదు, చింతామణి మునిసిపల్ కౌన్సిలర్‌ విప్ ధిక్కరించి ఓటేస్తే పోగలదు.